మిట్టమధ్యాహ్నం, నల్లటి ఆకాశం

మిట్టమధ్యాహ్నం తీసిన ఫోటోలో ఆకాశం అమావాస్య రాత్రిలా ఎందుకు ఉంది?

నలభై రెండేళ్లలో సిద్దిపేటలో ఏ ఒక్కరూ ఈ ప్రశ్న అడగలేదు. ప్రశ్న అడగని ఊరికి జవాబుతో పని లేదు, తీర్పు చాలు. 1969 మే నెలలో ఖుతుబుద్దీన్ తీసిన ఆ ఫోటోను చూసి ఊరు తీర్పు చెప్పేసింది. అందులో సిద్దిపేట పోలీసు క్యాంపు గేటు ముందు ఒంటరిగా నిలబడిన ఒక నేతపనివాడు ఉన్నాడు. అతని చేతిలో తెల్లజెండా ఉంది. వెనుక కాటుక పూసినట్టు ఆకాశం. అర్ధరాత్రి తెల్లజెండా పట్టుకుని పోయి, తెలంగాణ ఉద్యమ నాయకుల పేర్లు పోలీసులకు అప్పగించి వచ్చాడన్నారు. మరునాడే ఇద్దరు నాయకులు అరెస్టయ్యారు గనుక కథకు గట్టి ముడి పడింది. ఆ మనిషి పేరు భూమయ్య, ఊరు దుబ్బాక. 1983లో ఆయన కన్నుమూశాడు. ఆయన భార్య సాయవ్వ ఉండే ఇంటిని దుబ్బాకలో నేటికీ "తెల్లజెండోళ్ల ఇల్లు" అనే పిలుస్తారు.

ఖుతుబుద్దీన్ స్టూడియోను ఇప్పుడు నడుపుతున్నది ఆయన మనుమరాలు అర్షీన్. సకల జనుల సమ్మె మొదలై ఊరు స్తంభించిన ఆ సెప్టెంబరులో, చేతిలో పని లేక, తాత పెట్టె సర్దుతూ ఆమె ఒక ఖాళీ ఫిల్ము డబ్బా చూసింది. అది మామూలు ఫిల్ముది కాదు. కంటికి కనిపించే ఎరుపుకు ఆవల ఉండే కాంతిని, పరారుణ కాంతిని, పట్టుకునే నలుపు తెలుపు ఫిల్ముది. ఆ ఫిల్ము లోకంలో ఎప్పుడో కరువైపోయింది. అది చూపిన లోకాన్ని మళ్లీ చూపించాలని అర్షీన్ నెల రోజులు తపస్సు చేసింది. పాత డిజిటల్ కెమెరా ఒకటి విప్పి, లోపల ఆ కాంతిని అడ్డుకునే గాజుపలకను పెకలించింది. అచ్చు తీసిన ఫోటోలను పోయిన వారం కర్ణాకర్ ముందు పెట్టింది. ఆయన విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, ఉద్యమ కమిటీ కన్వీనరు. వాటిని ఒక్క వేలితో పక్కకు నెట్టి, "కంప్యూటర్ల గాడిదను గూడ గుర్రం చేయొచ్చు" అన్నాడు.

"కంప్యూటర్ లేకుంటే?" అని అర్షీన్ అడిగింది. "అదే జాగ. అదే మధ్యాహ్నం. మీ కండ్ల ముంగటనే."

ఆయన సరేనన్నాడు.

గడువు చిన్నది. ఆ పరీక్ష జరిగిన మరునాడే పదిగంటలకు దుబ్బాక శిబిరంలో అరవై తొమ్మిది ఉద్యమంలో పాల్గొన్నవారి జాబితా చదువుతారు. నలభై పేర్లు. భూమయ్య పేరు అందులో లేదు. ఆ జాబితా ఒకసారి మైకులో వినిపిస్తే అదే చరిత్ర అయిపోతుంది.

అక్టోబరు ఎండ వాన కడిగిన గాజులా ఉంది. సిద్దిపేటలోని ఆ పాత క్యాంపు గేటు తుప్పు పట్టి ఒక రెక్కతో మిగిలింది. దాని పక్కన వేపచెట్టు. పోలీసులు ఏనాడో వెళ్లిపోయారు. ఇప్పుడు లోపల ఎరువుల గోదాము. పదకొండున్నరకే ముప్పై మంది చేరారు. సమ్మెలో ఉన్న మనిషికి సమయం పుష్కలం.

దుబ్బాక నుంచి సాయవ్వను మోటారుసైకిల్ మీద తెచ్చినవాడు దుర్గయ్య. ఆమె పక్కింటివాడు, సమ్మెలో ఉన్న బస్సు డ్రైవరు.

"ఏం దుర్గన్నా, యాభై మందిని నడిపేటోనివి, ఒక్క ముసలామెను పట్టుకొచ్చినవా?" అన్నారెవరో.

"ఒక్క ప్యాసింజరే గని టికెటు నలభై రెండేండ్లది" అన్నాడు దుర్గయ్య.

సాయవ్వ నవ్వలేదు. అరవై ఒక్కేళ్ల మనిషి, ముదురు ఆకుపచ్చ చీర, చంకలో గుడ్డసంచి. ఆ సంచిని ఎవరి చేతికీ ఇవ్వలేదు, కింద పెట్టలేదు.

అర్షీన్ కెమెరాను మూడు కాళ్ల స్టాండు మీద బిగించింది. కటకం ముందు ఒక నల్ల అద్దం తిప్పింది. దుర్గయ్య ఆ అద్దంలోంచి ఎండను చూసి పెదవి విరిచాడు.

"గిండ్లకెల్లి ఏం అగుపడ్తలేదు. గుడ్డోనికి గంతలు కట్టినట్టున్నది."

"మన కండ్లకు అగుపడే వెలుగునంతా అది ఆపేస్తది, దుర్గన్నా. అగుపడని దాన్నే లోపలికి పంపుతది."

ఆ తర్వాత ఇంకొక అద్దం తీసింది. ఇది మామూలు గాజుది. దాని అంచుల చుట్టూ వేలి కొసతో వాజలైన్ పలుచగా రాసింది. పాత రోజుల్లో పెండ్లికూతురి ముఖం మెత్తగా కనిపించడానికి స్టూడియోవాళ్లు చేసిన పనే. తాత వాడిన ఆ ఫిల్ముకు వెనుకవైపు కాంతిని ఆపే పూత ఉండేది కాదు. అందువల్ల తెలుపున్న ప్రతిచోటా వెలుగు పొగలా చుట్టూ పాకేది. భూమయ్య చేతిలో జెండా చుట్టూ ఉన్న ఆ వెలుగును "వెన్నెల" అన్నవారు కూడా ఉన్నారు. అజ్ఞానానికి కవిత్వం తోడైతే ఒక మనిషి పరువు తీయడానికి మరే ఆయుధమూ అవసరం లేదు.

కెమెరా అమరికను నలుపు తెలుపుకు మార్చి, వెనుక ఉన్న తెర కనబడేలా తన దుపట్టాతో నీడ పట్టింది అర్షీన్.

"రాండ్రి సార్. మొదలు మీరే చూడాలె."

కర్ణాకర్ వచ్చాడు. పదిహేను రోజుల కిందట కంటి పొర తీయించుకున్నాడు. దవాఖానవారు ఇచ్చిన నల్లకళ్లద్దాలు చెంపల దాకా మూసి ఉన్నాయి. వాటిని నుదుటి మీదికి నెట్టి తెర మీదికి వంగాడు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

వేపచెట్టు మంచు కప్పుకున్నట్టు తెల్లగా మెరుస్తోంది. ఒక్కొక్క ఆకు వెలుగుతోంది. గేటు వెనుక ఎండకు మండుతున్న నీలాకాశం చిన్న తెరలో బొగ్గులా ఉంది. ఎదురుగా పగలు, తెరలో రాత్రి. ఆయన తల ఎత్తి ఆకాశం చూశాడు, దించి తెర చూశాడు, మళ్లీ ఎత్తాడు.

"పచ్చటాకు గా వెలుగును ఇసిరి కొడ్తది సార్, అందుకే తెలుపు. నీలాకాశంల గా వెలుగు ఉండనే ఉండదు, అందుకే నలుపు" అంది అర్షీన్, పాత ఫోటో చూపిస్తూ. "మా దాదా ఫోటోల గూడ రాత్రి లేదు. నీడ చూడండ్రి. భూమయ్య తాత కాళ్ల కిందనే ఉన్నది. నడినెత్తిన సూర్యుడున్నడు."

జనంలో గుసగుస గాలిలా లేచింది. ఒకరినొకరు తోసుకుంటూ తెర ముందుకు వచ్చారు. "అగో, పగటీలి చీకటి!" "మా చెట్టుకు ముసలితనమొచ్చిందిరా!" "జరుగు, జర నన్ను సూడనియ్యి!" నెల రోజులుగా నినాదాలు తప్ప మరో మాట వినని గొంతుల్లో పిల్లల ఆశ్చర్యం పలికింది.

కర్ణాకర్ నిటారుగా నిలబడి కళ్లద్దాలు దించుకున్నాడు.

"ఆకాశం సరే. ఒప్పుకుంట. మరి జెండా?"

ఆయన చేతి సైగతో ఎవరో వీధి చివరి సమ్మె శిబిరం నుంచి నల్లజెండా తెచ్చారు. దుర్గయ్య దాన్ని పట్టుకుని, సరిగ్గా భూమయ్య నిలబడిన చోట, గేటుకు మూడడుగుల ముందు నిలిచాడు. అందరి తలలూ తెర మీద కలిశాయి.

జెండా నల్లగానే ఉంది.

ఒకసారి కాదు, అటు తిప్పి ఇటు తిప్పి, ఎండలోకి పరచి, నాలుగుసార్లు చూశారు. నలుపు. ఆకాశం కన్నా నలుపు.

"చూసినవా బిడ్డా?" కర్ణాకర్ గొంతులో కోపం లేదు, ఉపాధ్యాయుడి తృప్తి ఉంది. "నల్లది నల్లగనే అగుపడ్డది. అంటే గా ఫోటోల తెల్లగున్నది తెల్లదే."

గుంపు చెదరడం మొదలైంది. ఒకడు "ఇగ పోదాం పార్రి" అన్నాడు. అర్షీన్ వెళ్లి జెండాను వేళ్ల మధ్య నలిపింది. గరగరలాడింది.

"గిది గొడుగు గుడ్డ సార్! దీని మీద పూత ఉన్నది, గది గా వెలుగును గూడ మింగేస్తది. నలుపులన్నీ ఒక్కటి కావు. భూమయ్య తాత పట్టుకున్నది గొడుగు కాదు గద."

"మరి ఏం పట్టుకున్నడు? నలభై రెండేండ్ల కిందటి గుడ్డ ఎక్కడికెల్లి తెస్తవ్?"

అప్పుడు సాయవ్వ చంకలోని సంచి విప్పింది.

బయటికి వచ్చింది మూరన్నర గుడ్డ. నల్లనిది, మెత్తనిది, అంచుల వెంట విప్పిన కుట్ల గుర్తులున్నది.

"ఏందవ్వా ఇది?" అర్షీన్ ఆ గుడ్డ మీదికి వంగింది. "నెల సంది నీ ఇంటికి తిరుగుతున్న. ఒక్కనాడు గూడ చెప్పకపోతివి?"

"మా ఆయన ఇంట్ల నీలిమందు తొట్టి ఉండె" అంది సాయవ్వ. ఆమె అర్షీన్‌తో కాక ఆ గుడ్డతో మాట్లాడుతున్నట్టుంది. "నల్లజెండ గావాలె అన్రని, మూడు మూరల గుడ్డ తీసుకొని, పదకొండుసార్లు ముంచిండు. ముంచుడు, ఆరేసుడు, ముంచుడు, ఆరేసుడు. నీలం పోయి నలుపయ్యేదాంక. సగం చింపి జెండ కట్టిండు. సగం ఇంట్లుండె. గా ఫోటో వచ్చినంక దాన్ని చూడబుద్ధి గాలే. పారేయబుద్ధి గాలే. బొంతల నడిమి వరుసకు పెట్టి కుట్టిన. రాత్రి ఇప్పిన."

"మరి పొద్దుగాలనే ఇయ్యొద్దా?"

"భయమైంది బిడ్డా. గిది గూడ నల్లగనే అగుపడ్డదనుకో, ఇగ అడగనీకె నాకేం మిగుల్తది?"

ఈ ఒక్క వాక్యం చెప్పడానికి ఆమెకు ఎంత ధైర్యం కావలసి వచ్చిందో అక్కడున్న ముప్పై మంది మగవాళ్లలో ఎందరికి అర్థమైందో నేను లెక్క వేయదలచుకోలేదు.

కర్ణాకర్ చేయి చాచాడు.

"నేనే పట్టుకుంట. నడుమ గుడ్డ మారిందనే మాట రావొద్దు."

దుర్గయ్య కర్రకున్న గొడుగు గుడ్డ విప్పి, ఈ గుడ్డ కట్టి ఆయనకు ఇచ్చాడు. విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు నడుచుకుంటూ పోయి, భూమయ్య నిలబడిన చోట నిలబడ్డాడు. గాలి లేదు. ఆయనే చేతితో గుడ్డను పరచి పట్టుకున్నాడు. అర్షీన్ పక్కకు తప్పుకుని, సాయవ్వ భుజం పట్టి తెర ముందుకు తెచ్చింది.

"నువ్వే చూడాలె అవ్వా."

సాయవ్వ వంగింది.

ఎంతసేపు? నాలుగు ఊపిరుల సేపు. ఆ నాలుగు ఊపిరులూ దుర్గయ్య బిగబట్టాడు. తర్వాత ఆమె భుజం మీదుగా తొంగిచూసి, ఊరంతా వినబడేలా అరిచాడు.

"తెలుపు! అవ్వతోడు, పాల లెక్క తెలుపు!"

నిజమే. కంటికి కాటుకలా ఉన్న గుడ్డ తెరలో ఉతికి ఆరేసిన ధోవతిలా వెలుగుతోంది. నీలిమందు నలుపు కంటికి కనిపించే వెలుగునే మింగుతుంది, కనిపించని ఆ కాంతిని పచ్చటాకులాగే తిప్పికొడుతుంది. దాని చుట్టూ అదే పొగ వెలుగు, అదే "వెన్నెల". వెనుక అదే నల్లాకాశం, పక్కన అదే మంచు చెట్టు. ఖుతుబుద్దీన్ ఫోటోకూ దీనికీ తేడా నిలబడిన మనిషి ఒక్కడే. జనం విరగబడ్డారు. స్టాండు పడిపోకుండా అర్షీన్ రెండు చేతులా పట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియని ముఖంతో, వరుసగా ఐదారుసార్లు మీట నొక్కింది. "నల్లజెండనే!" అన్నారెవరో. "నల్లజెండనే, నల్లజెండనే" అని గోదాము గోడ తిరిగి చెప్పింది. ఇద్దరు ముసలివాళ్లు సాయవ్వ కాళ్ల వైపు వంగబోయారు. ఆమె వారిని చూడలేదు. తెర నుంచి కన్ను తీయనేలేదు.

"పంతులూ" అని పిలిచింది.

గోల సద్దుమణిగింది.

"నీ నల్లద్దాలు గీ పెట్టెల అగుపడ్తలేవు. నీ కండ్లు అగుపడ్తున్నయి." ఆమె గొంతు పెంచలేదు. "ఎందుకేడుస్తున్నవ్?"

జనం ఆయన వైపు తిరిగారు. వారికి కనిపించింది నల్లకళ్లద్దాలే. తిరిగి తెర చూశారు. కళ్లద్దాలకు వేసే పలుచటి రంగు ఆ కాంతికి అడ్డు కాదు. తెరలో ఆ అద్దాలు మామూలు గాజులా తేటగా ఉన్నాయి. వాటి వెనుక కళ్లు నిండి, రెండు చెంపల మీదుగా కారుతున్నాయి.

ముందుగా తేరుకున్నవాడు దుర్గయ్యే. "నడువుండ్రి, నడువుండ్రి! శిబిరంల చాయ్ చల్లారుతున్నది" అని గొర్రెలను తోలినట్టు అందరినీ తోలాడు. తాను మాత్రం బండి దగ్గర నిలబడ్డాడు. వేపచెట్టు కింద ముగ్గురు మిగిలారు.

కర్ణాకర్ కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. మాట్లాడటం మొదలుపెట్టాక ఆపలేదు.

"ఆనాడు నేను భూమయ్యకు ఐదడుగుల దూరంల, ఫోటో తీసే ఖుతుబుద్దీన్ ఎనుకనే ఉన్న. మధ్యాహ్నమే. నల్లజెండనే. నా కండ్లతోని చూసిన. మూడోనాడు ఫోటో వచ్చింది. రాత్రి లెక్కున్నది, తెల్లజెండున్నది. నాకు ఇరువై ఏండ్లు. నా కండ్లు అబద్ధమాడొచ్చు గని ఫోటో ఆడదనుకున్న. ఇద్దరు నాయకులు జైల్ల ఉన్నరు. ఎవలు పట్టిచ్చిన్రని జనం అడుగుతున్నరు. ఫోటో కింద నేనే రాసిన, 'అర్ధరాత్రి తెల్లజెండా' అని. కరపత్రం వేసింది గూడ నేనే."

"మరి మా దాదా?" అర్షీన్ అడిగింది. "ఆయనకు ఎరుకే గద, ఏం ఫిల్ము వేసిండో?"

"నెల దినాలకు వచ్చిండు. బంద్‌ల మామూలు ఫిల్ము దొరకలేదని, పంటల రోగాలు చూసే ఆఫీసరు ఎవలో ఇచ్చిన రీలు, దాంతోని ఇచ్చిన ఎర్రద్దం వేసిండట. అందుల నలుపు తెలుపైతది, పగలు రాత్రైతది అని మొత్తం చెప్పిండు. అందరికి చెప్దాం అన్నడు." ఆయన జెండా కర్రను రెండు చేతులా పట్టుకున్నాడు. "నేనే వద్దన్న. ఇప్పుడు కాదు ఖుతుబుద్దీన్ భాయీ, ఉద్యమం అయిపోయినంక చెప్దాం అన్న. ఆయన మంచోడు. ఆగిండు."

"ఉద్యమం అయిపోయినంక?" సాయవ్వ అడిగింది.

"ఎవలు అడగలే."

"నేను అడిగిన." ఆమె కంఠం ఇప్పుడూ పెరగలేదు. "ఇంటింటికి పోయి అడిగిన. మాకు నూలు ఇచ్చుడు బంద్ చేసిన్రు. మా ఆయన మగ్గం ఇప్పి గోడకు ఆనిచ్చిండు. పద్నాలుగేండ్లు గా గోడ దిక్కే చూసుకుంట కూసున్నడు. నువ్వు అటు కెల్లి బడికి పోతుంటివి. సైకిల్ మీద. దినాం."

కర్ణాకర్ తల దించుకున్నాడు. అక్కడితో ఆగి ఉంటే ఆయన మీద నాకు కొంత గౌరవం మిగిలేది. ఆగలేదు.

"సాయవ్వా, నీ కాళ్లు మొక్కుత. రేపొక్కనాడు ఆగు. సమ్మె నడుస్తున్నది. ఎవలు ఎప్పుడు ఇరుగుతరా అని పత్రికలోళ్లు చూస్తున్నరు. కమిటీ కన్వీనరే అబద్ధం రాసిండంటే రేపు ఎవలు మా మాట నమ్ముతరు? తెలంగాణ రానియ్యి. వచ్చిన తెల్లారే మైకు పట్టుకొని నేనే చెప్త. భూమయ్య ఉంటే గూడ ఆగుమనే అంటుండె. ఆనాడు ఆయన జెండ పట్టుకొని పోయింది గూడ తెలంగాణ కోసమే గద."

"ఆయన పేరు నువ్వు తీయకు."

ఆ నాలుగు మాటలకు ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. అయినా చేయి కట్టెకున్న గుడ్డను వదల్లేదు. సాయవ్వే వెళ్లి ముడి విప్పుకుంది. మడిచి సంచిలో పెట్టుకుంది.

అర్షీన్ కెమెరా అడుగున ఉన్న మూత తీసింది. వేలి గోరంత చిప్పు బయటికి వచ్చింది. అందులో ఐదారు ఫోటోలు: తెల్లబడిన నల్లగుడ్డ, దాని పక్కన కన్నీళ్లతో నిలబడిన కన్వీనరు.

"మా దాదా ఆగి తప్పు చేసిండు అవ్వా" అంటూ దానిని సాయవ్వ అరచేతిలో పెట్టింది. "గిది నీది. రేపు చూపిస్తనంటే తెర, ప్రొజెక్టరు పట్టుకొని తొమ్మిదింటికే దుబ్బాకల ఉంట. వద్దంటే నోరు తెరవ."

సాయవ్వ ఆ చిప్పును చూసింది. తర్వాత శిబిరం వైపు చూసింది. అక్కడ ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. నెల రోజులుగా దుబ్బాకలో ఆ పాటే ఆమె కూడా పాడుతోంది. ఆ రాష్ట్రం ఆమెకూ కావాలి. తెల్లజెండోళ్ల ఇంటి నుంచి వచ్చి, వరుసలో చివర కూర్చుని, ఎవరూ పక్కన కూర్చోకపోయినా పాడింది. ఆమె వేళ్లు మూసుకున్నాయి. బండి వెనుక ఎక్కి కూర్చుంది.

"ఏం జేద్దాం పెద్దమ్మా?" అన్నాడు దుర్గయ్య.

ఆమె ఇంకా చెప్పలేదు. రేపు పదిగంటలకు చెప్పాలి.

ఇక్కడిదాకా చదివిన మీరు ఆమె కన్నా ముందు చెప్పండి. ఒక మనిషి పేరు కడగాలా, ఒక ఉద్యమం పరువు కాపాడాలా అన్నది మీ ముందున్న ప్రశ్న అని తప్పించుకోవద్దు. సాయవ్వ ముఖంలోకి చూసి, చూపించుమనో వద్దనో, ఒక్క మాట చెప్పండి. "ఆగు" అనే మాట మాత్రం నా ముందు పలకకండి. దానికి ఆమె నలభై రెండేళ్లు మూల్యం చెల్లించింది.